సీసా ఎత్తు

కేతూలో జెమి బండి దిగి అడిగితే
దారి చూపించలేదెవరూ, చప్పుడు చూపించారు.
రెండు మట్టిగోడల అవతల
టక్కుమని, ఆగి, ఆలోచించి
మళ్ళీ టక్కుమంటున్న బాడిస.

సలాకో తలెత్తలేదు.
పాదాల మధ్య ఇరికించుకున్న దుంగకి ఇంకా ముఖం రాలేదు,
బుగ్గలు మాత్రం వచ్చాయి.
చుట్టూ తెల్లటి పేళ్ళు, పచ్చి వేరుశెనగ వాసన.
ఇగే అనే కుర్రాడు వాటిని గంపకెత్తుతున్నాడు
వాళ్ళమ్మ పొయ్యిలోకి.

ఫోటో తీసి ఇచ్చాను.
గుర్తింపు కార్డు కోసం తీయించింది,
అందులో అమ్మ ఊపిరి బిగబట్టి ఉంటుంది.
ఆయన ఒక్కసారి చూసి, రెండు మడతలు పెట్టి
ఊగుతున్న పీట కాలి కింద దోపాడు.
పీట ఊగడం మానింది.

"ముఖం నాకు తెలుసు.
అమ్మలందరికీ ఒకటే చెక్కుతాను,
రెప్పలు సగం వాల్చి, పెదవులు మూసి.
నెత్తిన ఏం పెట్టాలో అది చెప్పు."

గోడవారన ఆరుతున్నాయి
వచ్చే నెల గెలెదేకి వెళ్ళాల్సిన తలలు.
ఒకామె నెత్తిన కుట్టుమిషను,
ఒకామె నెత్తిన పామును పట్టిన పిట్ట,
ఇంకొకామె మీద ఏకంగా ఒక బడి:
పంతులు, పలక, నిద్రపోతున్న ఇద్దరు పిల్లలు.
నీలం ఇంకా తడిగా ఉన్న చోట
ఒక ఈగ కాళ్ళు అంటుకుని పోయింది.

పెట్రోలు, అన్నాను.
మా అమ్మ అవేరో పెట్రోలు అమ్మేది.
సరిహద్దు అవతలి నుంచి రాత్రిళ్ళు వచ్చే సరుకు,
రోడ్డు పక్క బల్ల మీద సీసాల్లో...

"సీసా ఎత్తెంత?"
చేత్తో చూపించాను, మోకాలి పైకి.
"మూతి?" సన్నం.
"బిరడా?" మొక్కజొన్న కండె.
"గరాటు ఉండేదా?" ఉండేది, గుడ్డ వేసి వడగట్టేది.
"ఏ గుడ్డ?"

అక్కడ నోరు పెగల్లేదు.
చిరిగిన నా బడి చొక్కా అది.
ఏడేళ్ళప్పుడు
ఆ చేతులు కలిపిన ముద్ద తిననని కంచం తోసేశాను,
వాసనని.
ఆమె ఏమీ అనలేదు. మర్నాటి నుంచి
గరిటెతో తప్ప వడ్డించలేదు.

ఇదేదీ సలాకోకి చెప్పలేదు.
దుంగ నుదుటి మీద బొగ్గుతో గీత గీసి
"గుడ్డ కూడా పెడతాను. రంగు?" అన్నాడు.
ఖాకీ.

పోయేముందు, పూర్తయిన తలొకటి దించి చేతికిచ్చాడు.
అనుకున్నంత బరువు లేదు.
తిరగేశాను. లోపల రంగు లేదు, నునుపు లేదు.
బాడిస దెబ్బ ఎక్కడ పడిందో అక్కడే ఉంది,
దున్ని వదిలేసిన చేనులా.
అంచు చుట్టూ ఎవరిదో చెమట నల్లగా.
కంటి కన్నానికి కన్ను ఆనిస్తే
ఆకాశం తప్ప ఇంకేం లేదు.

"ఆడేవాడు అందులోంచి చూడడు" నవ్వాడు.
"అది నెత్తిమీద కూర్చుంటుంది.
వాడు కింద, గుడ్డ సందులోంచి నేల చూసుకుంటాడు.
చూడ్డం ఆమె పని,
పడిపోకుండా ఉండటం వాడి పని."
ఆడేది ఆయన అన్న కొడుకట.
చెక్క రొమ్ములు, కాళ్ళకి ఇనుప గజ్జెలు కట్టుకుని
ఆడమనిషిలా నడవడం రెండేళ్ళు నేర్చుకున్నాడట.
"ఇంకా కాస్త తొందరపడతాడు వెధవ."

బయానా ఇచ్చాను. ఫోటో అడిగాను.
పీట వంక చూపించి
"వానలొచ్చాక తల పట్టుకెళ్తావు కదా,
అప్పుడు తీసుకో" అన్నాడు.

ఊరి చివర బండివాడు పెట్రోలుకి ఆపాడు.
బల్ల వెనక పిల్ల, పన్నెండేళ్ళుంటాయేమో,
గరాటు అందుకుంటూ, ఎంత? అంది.
వాడికన్నా ముందు నా చెయ్యి లేచింది,
ఇంత అని, మోకాలి పైకి.
"అంత పెద్ద ట్యాంకు కాదక్కా" అన్నాడు వాడు.