వెనక పేజీలు

పాలకేంద్రం రిజిస్టరులో
వెనకవైపు నుంచి మొదలుపెట్టాం.
ముందు పాలు, వెనక పిట్టలు.
గళ్లు పాతవే:
పేరు, లీటర్లు, వెన్న శాతం.
లీటర్ల గడిలో ఎన్ని కనపడ్డాయో రాస్తాం.
వెన్న గడిని ఏం చెయ్యాలో తెలీక
మొదటి వారం ఖాళీగా వదిలేశాం.
తర్వాత ఎవరో, దస్తూరి చూస్తే హవీలలాగుంది,
పాలపిట్ట ఎదురుగా
పదికి పది వేసింది.

కొమ్మమూరు కాలువ కింద
చిట్టచివరి ఊరు మాది.
నీళ్లు అందరికీ అయ్యాక వస్తాయి,
కొంగలు మాత్రం ముందొస్తాయి.
ఏ తూము ఎత్తారో, ఏది దించారో
లస్కరు కంటే నత్తగుల్లకొంగకే బాగా తెలుసు.

పొద్దున్నే క్యాన్లతో వచ్చేవాళ్లు
పాలు కొలిపించుకుని అలాగే నిలబడి చెబుతారు:
కరెంటు తీగ మీద ఏట్రింతలు ఆరు,
మిరప కళ్లంలో జీనువాయిలు, లెక్క తెగలేదు,
చేపల చెరువు గట్టున లకుముకి ఒకటి,
దాన్ని గురిచూసిన ఉండేలు ఒకటి.
అదీ రాశాను.
ఉండేలు ఎవరిదో అడక్కండి.
వాడిప్పుడు ఈతచెట్టు కింద
గిజిగాడి గూళ్లు లెక్కపెడుతున్నాడు,
మెడ నొప్పెట్టేదాకా.

మార్తమ్మ మాత్రం
పావుతక్కువ రెండు లీటర్లు పోసి
ఏమీ చెప్పకుండా వెళ్లిపోయేది.
ఒకరోజు నేను పైకి చదువుతూ రాస్తున్నాను:
"తీతువు, రెండు, దక్షిణపు చేను."
ఆమె గడపలో ఆగి
ఎడంపక్కకి తూ అని ఊసింది.
"దాని పేరు కూడానా?
పాలు రాసే పుస్తకంలో?"

ఊళ్లో అందరికీ తెలుసు.
ఇరవై రెండేళ్ల కింద, రోహిణి కార్తెలో,
గట్లు చెక్కి వచ్చిన ఆమె పెనిమిటి ఆరోగ్యం
పేరులో ఉన్నది ఒంట్లో నిలవక
వడదెబ్బకి పడిపోయాడు.
చెంగు తడిపి తడిపి
ఆమె రాత్రంతా ఒళ్లు తుడిచింది.
రాత్రంతా కప్పు మీదుగా తీతువు తిరిగింది.
తెల్లారేసరికి రెండూ ఆగాయి,
కూతా, ఊపిరీ.

నేను ఆ వరస కొట్టెయ్యలేదు.
కొట్టెయ్యాలనిపించింది.

మళ్లీ రోహిణి.
వేసవి దుక్కికి నాగుల్ మీరా ట్రాక్టరు దిగింది.
మేకల వెనక మార్తమ్మ అదే చేలో ఉంది.
నెత్తిమీదకి దూకి దూకి అరుస్తోంది పిట్ట.
తిట్టబోయి కాళ్ల దగ్గర చూసింది:
మట్టిబెడ్డల మధ్య
మట్టిబెడ్డల్లాంటి నాలుగు గుడ్లు,
మొనలన్నీ లోపలికి,
నలుగురు తలలు దగ్గరపెట్టి
ఏదో అనుకుంటున్నట్టు.
గూడు లేదు. గడ్డిపోచ లేదు.
నీడ ఊసే లేదు.

ఆమె తప్పుకుని గట్టు మీద కూర్చుంది.
పిట్ట కాలువ అడుగున మిగిలిన మడుగులో
పొట్ట ముంచుకుని పరుగున వచ్చి
గుడ్ల మీద ఆ తడి దింపింది.
మళ్లీ వెళ్లింది. మళ్లీ ముంచుకుంది.
మార్తమ్మ పమిట కొస
చేతిలోనే ఉండిపోయింది.

ట్రాక్టరుకి అడ్డంగా లేచి నిలబడితే
నాగుల్ మీరా ఇంజను ఆపలేదు,
కాస్త తగ్గించాడు.
"పామా పెద్దమ్మా?"
"కాదురా. బాలింత."

ఈ ఏడు దక్షిణపు చేలో
మంచమంత జాగా దున్నకుండా మిగిలింది.
చుట్టూ నాలుగు కందిపుల్లలు,
ఒకదానికి పాత చీర పేలిక.
కౌలుదారు బ్రహ్మం రెండు పూటలు గొణిగి
మూడో పూట
తనే ఒక పుల్ల సరిచేసి పోయాడు.

మర్నాడు మార్తమ్మ పాలు పోశాక
కదల్లేదు.
"రాసుకో. తీతువు. పద్నాలుగు."
పద్నాలుగు పిట్టలెక్కడివని తలెత్తాను.
"నీళ్లకి పోయొచ్చింది. అన్నిసార్లు."
లీటర్ల గడిలోనే రాశాను,
మొదటిసారి ఆ గడికి తగిన లెక్క.

మూడు పిల్లలయ్యాయి. ఒక గుడ్డు మురిగింది.
అదీ పుస్తకంలో ఉంది.

ఇప్పటికీ రాత్రి తీతువు కూస్తే
నాకు గుండె ఝల్లుమంటుంది,
అలవాటు అంత తొందరగా పోదు.
ఆలోపే అవతలి వీధిలో తలుపు తెరుచుకుంటుంది,
టార్చిలైటు చేల మీదకి వాలుతుంది,
ఆ వెనకే మార్తమ్మ గొంతు:
"ఎవరిదర్రా ఆ కుక్క?
కట్టేసుకోండి!"