ఫ్రిజ్ తలుపు మీది పట్టిక

ఆ ఏడాది మా ఇంటి గడియారం గోడకి లేదు,
ఫ్రిజ్ తలుపు మీద ఉండేది.
ఏడింటికి చేపనూనె, ఏడున్నరకి నాలుక కింద ఆరు చుక్కలు,
ఎనిమిదికి ఒంటెపాలు.
సెయింట్ మేరీ అఖాతం ఒడ్డున
ఒంటెని చూసిన మనిషి ఒక్కడూ లేడు.
పొడి డబ్బా మీది బొమ్మకి నాన్న
క్లోటిల్డ్ అని పేరు పెట్టాడు.
ఆయన మేనత్త పేరది. మెడ అలాగే ఉంటుందట.

నాకప్పుడు పదకొండు. పట్టికలో టిక్కులు పెట్టడం నా పని.
ఎలోయ్‌కి ఏడు. వాడికి మాటలు లేవు,
తాళ్ళున్నాయి.
పడవలోంచి నాన్న తెచ్చిన తాడుముక్కల్ని
కాసేపు నమిలి, పొట్టి నుంచి పొడుగుకి పరిచి,
చివర కూర్చుని
హమ్మయ్య అన్నట్టు ఊగేవాడు.

యార్మత్ డాక్టరు
"ఇది జబ్బు కాదు, దీనికి మందు లేదు" అన్నాడు,
నిజమే చెప్పాడు, చేతి గడియారం చూసుకుంటూ.
హాలిఫాక్స్‌లో, చేపల దుకాణం పైన, ఒకావిడ
రెండు గంటలు కదలకుండా అమ్మ మాట విన్నది.
ఆ రెండు గంటలకే అమ్మ పడిపోయిందని
ఇప్పుడు తెలుస్తోంది నాకు.
"పిల్లాడి లోపల ఏదో దాక్కుని ఉంది" అందావిడ.

ఇక వెతుకులాట.
జింకల మీంచి రాలే పిడుదుల కోసం
రోజూ సాయంత్రం వాడి సాక్సులు, చంకలు, చెవుల వెనక.
మూడు గొట్టాల నెత్తురు మంచుపెట్టెలో కూర్చుని
మేమెవరం ఎక్కని విమానమెక్కింది.
జవాబొచ్చింది: ఉండవచ్చు.
ఆ ఒక్క మాట కోసం నాన్న
అరవై లాబ్‌స్టర్ బోనులు అమ్మాడు.

గోధుమ పోయింది. ఆవుపాలు పోయాయి.
రాపూర్‌లో ఉన్నది బంగాళదుంపే కదే ఒదెత్, అని
నానమ్మ వేడి పళ్ళెంతో గుమ్మంలో నిలబడితే
అమ్మ ముందు ఏడ్చి,
తరవాత తలుపు తీసింది.

నవంబర్లో ఎలోయ్ తల గోడకేసి కొట్టుకోవడం మొదలెట్టాడు.
"మంచి సూచనే" అందావిడ ఫోన్లో,
"లోపలివి చస్తున్నాయి, చచ్చేముందు అల్లరి చేస్తాయి.
చుక్కలు పెంచండి."
ఆరు పన్నెండైంది. టిక్కు పెట్టాను.
పన్నెండు ఇరవై. పెట్టాను.
మెట్ల పక్క గోడకి నాన్న దుప్పటి మేకులు కొట్టాడు.
వాడు దుప్పటి లేని చోటు వెతుక్కున్నాడు.

స్కూలు బస్సు నడిపే జెఫిరెన్ అన్నాడు ఓ పొద్దున,
ఇంజను ఆపకుండానే:
"వీడు తాడు కుడిపక్కే నములుతున్నాడేం?
మా ముసలి కుక్క చివర్లో ఇంతే.
నోరు చూపించారా?"

నోరు.
నెత్తురు చూశాం, మలం చూశాం,
వెంట్రుకలు కత్తిరించి కవర్లో పెట్టి పంపాం.
పూటపూటకీ తెరిచి చుక్కలు పోసిన నోట్లోకి
ఒక్కళ్ళం చూడలేదు.

ఎడమవైపు, వెనక పన్ను. కింద చీము.
మత్తిచ్చి తీశారు.
ఇంటికొస్తుంటే వాడు కారు అద్దానికి తల ఆనించాడు.
కొట్టలేదు. ఆనించాడు.
అమ్మ కారు పక్కకి తీసి ఆపేసింది.
ఆటుకి సముద్రం వెనక్కి పోయి
కనుచూపుమేర బురద మెరుస్తోంది.
"దాక్కునే ఉంది" అంది అమ్మ, "నిజంగానే దాక్కుని ఉంది."
నవ్విందో మరేమిటో,
నేను వెనక సీట్లో ఉన్నాను.

పన్ను పోతే మాటలొస్తాయని ఎవరూ అనలేదు.
అయినా ఒక వారం ఎదురుచూశాం,
అబద్ధమెందుకు.
మాటలు రాలేదు. నిద్ర వచ్చింది, వాడికి, తరవాత మాకు.

పట్టికని ఎవరూ వీరావేశంతో చింపలేదు.
చేపనూనె ఇంకో ఏడాది సాగింది.
క్లోటిల్డ్ డబ్బాలో నాన్న మేకులు పోసుకున్నాడు.
ఒక సాయంత్రం ఎలోయే వచ్చి, అయస్కాంతం పక్కకి జరిపి,
కాగితం తీసుకెళ్ళి
తాళ్ళ వరసలో పెట్టాడు,
నీలం తాడుకీ, పసుపు తాడుకీ మధ్య,
సరిగ్గా దాని పొడవుకి తగ్గ చోట.