అడుగు

మైనస్ ఇరవై ఎనిమిది.
సస్కాచవాన్‌లో ఫిబ్రవరి.
రెంచి పట్టుకుంటే
రెంచే మనల్ని పట్టుకుని వదలదు.

తుక్కు యార్డులో డెజార్లే
తార్పాలిన్ మీద మంచు దులిపి
మూడు ఆయిల్ పాన్‌లు బోర్లించాడు.
"మీ ఆయన్ని అడిగి రా" అన్నాడు.
"అడిగాను కనకే నేనొచ్చాను" అన్నాను.

కోతలప్పటి మాట.
కనోలా లోడుతో నెస్టర్ ఇంటికొస్తుంటే
పశువుల గేటు దగ్గర ఓ రాయి బండి కడుపు గీరింది.
డాష్‌బోర్డులో ఎర్రదీపం వెలిగింది.
దీపమే కదా అనుకున్నాడు.
పన్నెండు మైళ్ళు.
కంకర రోడ్డు పొడుగునా నల్లటి గీత.
మా మలుపులో ఇంజన్ ఒక్కసారి పళ్ళు కొరికి
మళ్ళీ మాట్లాడలేదు.
నెస్టర్ కూడా, రెండు రోజులు.

ఇప్పుడు షెడ్డులో గొలుసు కప్పీకి
బోల్తాపడిన ఎవరి బండిలోదో కొత్త ఇంజన్ వేలాడుతోంది.
కింద మా అరవై ఎనిమిదో సంవత్సరపు ట్రక్కు
నోరు తెరుచుకుని.
ఎన్ని గుర్రాల బలం అని చూసిన ప్రతివాడూ అడుగుతాడు.
అడుగు సంగతి ఒక్కడూ అడగడు.

ఇంజన్‌తో పుట్టిన చట్టిని ముందు ఎత్తి చూశాను.
లోతుంది, నూనె దండిగా పడుతుంది,
కానీ అడ్డదూలం కిందికి నాలుగువేళ్ళు దిగుతుంది.
గేటు దగ్గర ఆ రాయి ఇంకా అక్కడే ఉంది.
నెస్టర్ తీయలేదు. నేనూ తీయలేదు.

"దూలం కోసెయ్, అరగంట పని" అన్నాడు డెజార్లే.
చెప్పు కోసం కాలు కోసుకోమన్నట్టు.

పక్కనున్నది పందెం బండ్ల వాళ్ళది.
అల్యూమినియం. పళ్ళెంలా పలచన.
అందులో నా ముఖం, టోపీ, టోపీ మీది మంచు.
కాసేపు మనసు పారేసుకున్న మాట నిజం.
అయితే నది లోయలోంచి గడ్డిచుట్టలతో ఎక్కేటప్పుడు
నూనెంతా వెనక్కి పరిగెడుతుంది,
ముందున్న గొట్టం గాలి తాగుతుంది.
గాలి తాగి బతికిన ఇంజన్ని నేను చూడలేదు.

ఇక మిగిలింది తుప్పురంగుది.
ముందు మిట్ట, వెనక పల్లం,
మూల మీద ఎవరో వేసిన అతుకు, కురుపు మానినట్టు.
"అది ఎవరూ కొనరు" అన్నాడు, అమ్మేవాడే.
"మూడూ తీసుకెళ్తా. రెండు తిరిగొస్తాయి."

ఆదివారం పెరొహీలకు పిండి కలుపుతూ
రెండు గుప్పిళ్ళు పక్కన పెట్టాను.
ప్లాస్టిక్ చుట్టి అడ్డదూలం మీదా
స్టీరింగు కడ్డీ మీదా అతికించాను.
నెస్టర్ గొలుసు వదిలాడు, పన్ను తర్వాత పన్ను.
లోతుచట్టి ముద్దని చిదిమి నేల మీదికి తోసింది.
పళ్ళెం దాన్ని తాకనైనా లేదు.
తుప్పుది దిగినప్పుడు
పిండి రెండు నాణేల మందాన నిలబడింది.
"మా అమ్మ ఇంకా పలచగా వత్తేది" అన్నాడు నెస్టర్.
ఐదు నెలల్లో ఆ ఇంజన్ గురించి అతని మొదటి పరిహాసం.

చట్టి దొరికితే సరిపోదు.
దాని లోతుకు తగ్గ పీల్చే గొట్టం కావాలి.
అడుగుకి మరీ అంటుకుంటే ఊపిరాడదు,
మరీ ఎడమైతే గాలి మింగుతుంది.
చిటికెన వేలంత సందు.
మూడుసార్లు విప్పాను, మూడుసార్లు బిగించాను.
నెస్టర్ లైటు పట్టుకున్నాడు,
చెయ్యి వణికినా మార్చుకోలేదు.

నూనె పోసి, కింద అట్టముక్క పరిచి పడుకున్నాం.

తెల్లారి నేను వెళ్ళేసరికి
అట్ట మీద ఒక్క చుక్క లేదు.
నెస్టర్ అప్పటికే సీట్లో ఉన్నాడు.
తాళం తిప్పలేదు.
బొటనవేలు ఉమ్మితో తడిపి
ఆ చిన్న ఎర్రదీపం మీది గాజును
రుద్దుతున్నాడు.