రెండు మీటర్లు

బిల్లు చేతికొస్తే నేను రూపాయలు చూడ.
గుడ్డలకు మార్చుకుంట.
ఈ నెల షెడ్డు కరెంటు
పద్నాలుగు వందల మీటర్ల పాలిస్టర్.
అంటే మా నాలుగు సాంచెలు
ఆరు దినాలు
ఒట్టి తీగె కోసమే నేసినయి.

భీవండి నుంచి తమ్ముడు అంబదాసు
రాత్రిపూట ఫోన్ జేస్తడు.
ఆడ వాని సాంచెల మోత,
సిరిసిల్లల మా మోత,
నడుమ మా ఇద్దరి కేకలు.
"అక్కా, ఈసారి మీకెంత వడ్డది?"
చెప్తె నవ్వుతడు.
అదే దారం, అదే పన్నా,
వాని లెక్క మాత్రం రెండు వేల మీటర్లు దాటిందట.
"మీరు రాజులు" అంటడు.
సూరత్‌ల వాని బామ్మర్ది ఇంకో లెక్క చెప్తడట,
మాలెగాంవ్‌ల సడ్డకుడు ఇంకోటి.

గోదావరిఖని బొగ్గు గూడ్సుబండెక్కి
ఆ దిక్కూ పోతది, ఈ దిక్కూ పోతది.
కాలేటప్పుడు దానికేమెరుక
ఎవలి సాంచకు ఎంతకు అమ్ముడువోయిందో.
నేసిన గుడ్డలు మళ్ల ఒక్క బజార్లనే కలుస్తయి.
సేటు రెండు వేళ్లతో నలిపి చూస్తడు,
కరెంటు వాసన తగలదు,
మా ఇద్దరికీ ఒక్కటే ధర గడ్తడు.

అయినా భీవండి దాక ఎందుకు.
సరిహద్దు మా ఇంట్లనే ఉన్నది.
ఇంటికో మీటరు, షెడ్డుకో మీటరు,
నడుమ గిలాబు చేయని ఇటుక గోడ.
స్తంభం ఒకటే, దాని మీద కూసునే కాకి ఒకటే,
గోడకు అటు ఒక రేటు, ఇటు ఒక రేటు.

సబ్సిడీ ఉన్నన్నాళ్లు షెడ్డే అగ్గువ.
బిడ్డ లహరి చాప తీస్కపోయి
సాంచెల పక్కనే చదివేది.
ఎక్కాలన్నీ ఆ టకటకల మీదనే నేర్చింది,
పదమూడో ఎక్కం కాడ
ఏ సాంచ ఆగిందో కూడ చెప్పేది.
సబ్సిడీ ఆగింది. షెడ్డు పిరమైంది.
"ఇటు రా బిడ్డా, ఆ బల్బు బంద్ జెయ్యి" అన్న.
వచ్చింది. పుస్తకం తెరిచింది.
పెన్ను మూత నమిలింది.
జరసేపటికి చాప సుట్టుకొని
మళ్ల అటే లేచిపోయింది.
"ఈడ సప్పుడు లేదమ్మా,
లెక్కలు వస్తలేవు."

ఆ ఒక్క బల్బుకు
నెలకు ఎన్ని మీటర్లో లెక్కగట్టిన.
దాని లంగకు సరిపోయేంత.
పోనీ అనుకున్న.
అంబదాసుకు మాత్రం ఈ లెక్క చెప్పలే.