ఏ పద్దు కింద

జనాభా లెక్కలాయన గడప మీద కూసొని
"ఏం పని చేస్తవమ్మా" అన్నడు.
పరిశోధనల ఆఫీసుల, అన్న.
"సైంటిస్టువా?" కాదు.
"గుమస్తవా?" అదీ కాదు.
పెన్ను గడ్డానికి ఆనిచ్చి కొంచెంసేపు చూసి
"ఇతరములు" అని రాసుకొని పోయిండు.

నల్లగొండల పదకొండేండ్లు
ఆ ఇతరములల్లనే ఉన్న.

మర్రిగూడ దిక్కుకెల్లి బోరునీళ్లు సీసాలల్ల వస్తయి,
మూత మీద ఊరి పేరు, తేదీ, బోరు ఎవరి చెల్కలదో.
నీళ్లల్ల ఏమున్నదో సార్లు చూస్తరు.
సీసాలు ఏ పైసలతోని కొన్నమో,
ఐసుడబ్బ మోసిన పిలగానికి కూలి ముట్టిందో లేదో,
మిగిలిన పదిహేడు వందలు ఢిల్లీకి ఎట్ల వాపస్ పోవాల్నో
నేను చూస్త.
పేపర్ల ఫోటో పడ్డనాడు
నేను జిరాక్స్ సెంటర్ల ఉంట.

మార్చి ముప్పై ఒకటి. రాత్రి తొమ్మిదిన్నర.
వినియోగ పత్రం మూడోసారి తిరిగొచ్చింది.
ఎందుకో చెప్పలే. ఎర్ర గీత ఒక్కటే.
బిల్డింగుల వాచ్‌మన్ ఉన్నడు, నేనున్న, ఒక బల్లి ఉన్నది.
అడగాలంటే ఎవరిని?
సారుకు తెల్వదు.
తెల్వదన్న సంగతి కూడా సారుకు తెల్వదు.

డ్రాయర్ల ఒక కొరియర్ రశీదు, ఎనుక ఒక నంబరు:
"బాలమణి, పాలమూరు, మనసొంటి పనే."
ఎవరు రాసిచ్చిన్రో యాదికి లేదు.
సిగ్గిడిచి ఫోన్ చేసిన.
అవుతల గిన్నెలు కడుగుతున్న చప్పుడు.
"ఆరో గడి ఖాళీగ వదిలినవా అక్కా?
సున్నా పెట్టు.
ఖాళీ అంటే మర్చిపోయినట్టు.
సున్నా అంటే, చూసి, లేదన్నట్టు."

పెట్టిన. పోయింది.
పోయినంక గూడ గంటంబావు ఫోన్ల ఉన్నం.
ఎక్కువ ఆమెనే మాట్లాడింది,
నల్లా తిప్పితే ముందు గాలి, ఎనుక నీళ్లు వచ్చినట్టు.

మా రెండూర్ల నడుమ కల్వకుర్తి.
రెండో శనివారం, బస్టాండు ఎదురుంగ హోటల్.
మొదట ఇద్దరమే.
సీతాఫలాలు దిగేనాటికి నలుగురం:
మెడికల్ కాలేజీ నుంచి ఫర్హానా,
విత్తనాల స్టేషన్ల లెక్కలు రాసే కుర్మయ్య,
ఆయన సంచిల ఎప్పుడూ పల్లికాయ.
తర్వాత సైదులు, మిర్యాలగూడకెల్లి బస్సులు మారి.
"చిట్టీ పాటనా?" అన్నడు హోటలాయన.
ఔనన్నం. చెప్పుడు అల్కగున్నది.

"పేరు పెడుదం, ముద్ర చేపిస్త,
మా బామ్మర్దికి దుకాణమున్నది" అన్నడు సైదులు.
కుర్మయ్య పల్లికాయ ఒలుసుకుంటనే అన్నడు:
ముద్రుంటె అధ్యక్షుడు కావాలె,
అధ్యక్షుడుంటె అలిగేటోడు కావాలె.
పేరు పెట్టలే. ఇప్పటికీ లేదు.

ఫర్హానా దగ్గర ఒక పొడుగు నోటుబుక్కు.
బంకుల ఇచ్చే రశీదు మీద అక్షరాలు ఎండకు ఎగిరిపోతయి,
అదే దినం జిరాక్స్ తీయి.
కూలి ఆగితే ముందు ఎవరికి ఉత్తరం రాయాలె, ఎట్ల రాయాలె.
సారు కోప్పడితె నువ్వు తప్పు చేసినట్టు కాదు.
ఈ ముక్క ఎవరి రాతనో
ఎవ్వరూ ఒప్పుకోలే.

ఒక్క గ్రాంటు కోసం
మా సారు, బాలమణి వాళ్ల సారు పోటీపడ్డ యేడు
ఆ శనివారం సమోసలు సల్లారినయి.
ఆమె నా బడ్జెట్ అడగలే.
నేను సంచి ఒళ్లె పెట్టుకొని కూసున్న,
ఎందుకు పెట్టుకున్ననో నాకే సిగ్గయింది.
వాళ్లకే వచ్చింది.
రాత్రి ఫోన్ చేసి
"ఆరో గడి చూసుకో" అన్న.
"చూసిన" అన్నది. కొంచెంసేపు ఏం అనలే.
"నువ్వు అంటవనే కూసున్న."

ఇయ్యాల తిరుగు బస్సు దేవరకొండ దాటినంక
టికెట్ ఎనుక లెక్క రాసుకున్న.
చార్జీలు ఇంత, చాయలు ఇంత,
కుర్మయ్య బదిలీకి కొన్న గోడగడియారంల నా వంతు ఇంత.
ఏ పద్దు కింద?
ప్రయాణమా, శిక్షణనా, ఇతరములా.

గడి ఖాళీగనే వదిలిన.
తిరిగొస్తే రానీ.