గొట్టం మీద తొడుగులు

ఆరు పిస్టన్ల నెత్తిన
వెంట్రుకవాసి మందాన తెల్లటి పింగాణీ పూత.
ప్లాస్మా మంటలో పొడిని కరిగించి
సున్నివా స్వయంగా చల్లింది.
"నిప్పు సొమ్ము ఇనుము తినేస్తోందిరా"
అంది తమ్ముడితో.

లోఫోటెన్ రేవులో జనవరి.
పగలంటే కాస్త బూడిద వెలుగు.
పడవ తిరిగొచ్చింది.
డీజిల్ కొలపుల్ల
ఎప్పటి గీతకి రెండు వేళ్లు పైదాకా తడిసింది.
తమ్ముడు తుడిచి
మళ్లీ ముంచి చూశాడు.

ముసలి ఐలిఫ్ మాత్రం
ఇంజిన్ నీళ్ల గొట్టం మీద ఆరేసిన
ఉన్ని తొడుగుల్ని పిండుతూ గొణిగాడు:
"ఇరవై ఏళ్లుగా ఇదే నా పొయ్యి.
దీని సెగ ఎవడెత్తుకుపోయాడు?"

సున్నివా నవ్వలేదు.
వృథా అని తను రాసుకున్న అంకెలో
ఒకడి వేళ్లున్నాయి.

అందరూ చేపలు దించుతుంటే
కిందికి దిగి
గొట్టం మీద అరచెయ్యి ఆనించింది.
గోరువెచ్చన,
అంతే.