కప్పీ

ఉత్తరాల సంచి ఎడమ భుజానికి,
కొండకొప్పు నుంచి సముద్రం దాకా మెట్లు.
వల్పరైసోలో దారి అంటే మెట్టే.
పందొమ్మిదేళ్లుగా ఈ రంగురేకుల ఇళ్లకు
కరెంటు బిల్లులు, కోర్టు నోటీసులు,
ఎప్పుడో ఏడాదికొక ప్రేమలేఖ
మోసి పంచినదాన్ని.
నా కాళ్లకు కళ్లతో పనిలేదనుకునేదాన్ని.

ఆగస్టులో ఒక పొద్దున
నూట నలభయ్యో మెట్టు రెండైంది.
ఒకదాని కింద ఒకటి, కాస్త ఏటవాలుగా,
తడిసిన అట్ట పొరలు విడినట్టు.
భూకంపమేమో అనుకున్నాను.
మా ఊళ్లో ఎవరైనా ముందు అదే అనుకుంటారు.
గుమ్మంలో కుక్క తోకైనా కదపలేదు.
తీగ మీద బట్టలు ఊగలేదు.
కదిలింది ఊరు కాదన్నమాట.

ఎడమకన్ను మూస్తే మెట్టు ఒకటే.
తల కుడికి వంచినా ఒకటే.
వంచుకునే దిగాను, ఆ రోజూ, ఆ తర్వాతా.

కళ్లజోళ్లవాడు రెండుసార్లు అద్దాలు మార్చాడు.
ఒకాయన బీపీ అన్నాడు. ఒకామె వయసు అంది.
మా అక్క ఫెలీసా దిష్టి తీసింది, ఖర్చు లేదు కాబట్టి.
చివరికి పెద్దాస్పత్రిలో డాక్టర్ కత్రిలేవ్
స్కానింగు రాయకముందే అడిగింది:
"పాత ఫొటోలున్నాయా?"

నా దగ్గర లేవు. లెయాంద్రో దగ్గరున్నాయి.
కొండరైలు పెట్టెను ఇనుపతాడుతో లాగే గదిలో
అతని కొలువు.
బిస్కెట్ల డబ్బా నిండా తెచ్చాడు:
యూనియన్ విందులు, ఎవరివో పెళ్లిళ్లు,
వాన కురిసిన ఒక ఫుట్‌బాల్ మ్యాచ్.
అన్నిట్లో నా కుడిపక్కన అతనే.
డాక్టరు స్కేలు పెట్టి నా మెడను కొలిచింది.
నాలుగేళ్ల కిందట నిటారు.
మూడో చలికాలం నుంచి వాలు.
"పుట్టుకతో వచ్చింది కాదు," అంది,
"మధ్యలో ఎవరో వచ్చారు."

స్కానింగులో మందు ఎక్కించాక వెలిగింది
మసూరుపప్పు గింజంత.
నాలుగో నాడి తొడుగు మీద పెరిగిన కంతి.
పన్నెండు జతల్లో అన్నిటికన్నా సన్ననిదట,
మెదడు వీపు నుంచి బయటికొచ్చేది ఇదొక్కటేనట.
ఇటు పుట్టి అటు దాటి,
అంత చుట్టూ తిరిగి
ఒకే ఒక్క కండరానికి కబురు చేరుస్తుందట.
ఒక్క కవరు కోసం కొండెక్కే నాకు
దాని కష్టం వెంటనే అర్థమైంది.
ఆ కండరం కంటి పక్కనున్న కప్పీ మీదుగా
తాడులా పోతుందని బొమ్మ గీసింది.
లెయాంద్రో కుర్చీలో ముందుకు జరిగాడు.
"కప్పీకి గ్రీజు పెడితే?" అన్నాడు.
డాక్టరు నవ్వలేదు, ఆలోచించింది.

ముక్క తీసి పరీక్షించడం కుదరదు,
సూది తగిలితే నాడే పోతుంది.
బొమ్మను బట్టీ, ఓపికను బట్టీ పేరు పెట్టాలి.
"సాధువైన కంతే," అంది.
సాధువైతే నా మెట్లతో దానికేం పని?
"కోయం. ఏడాదికోసారి చూస్తాం.
పెరిగితే కిరణాలు. పెరగకపోతే
నువ్వూ అదీ కలిసి ముసలివాళ్లవుతారు."
ఎడమ అద్దానికి గీతల ప్లాస్టిక్ పొర అంటించింది.
లోకం కొంచెం మసకైంది, కానీ ఒక్కటైంది.
ఆస్పత్రి మెట్లు ఇరవైరెండు.
లెక్కపెడుతూ దిగాను, మెడ నిటారుగా.

బస్సులో లెయాంద్రో డబ్బా ఒళ్లో పెట్టుకుని
చాలాసేపు మూత గోకాడు.
"అయితే ఆ ఫొటోల్లో... నా భుజం వైపు...
అదంతా ఆ నాడి వల్లేనా?"
నేను కిటికీలోంచి ఓడల్ని చూశాను.
ఒకటి క్రేన్ కింద ఆగి ఉంది, తుప్పుపట్టి.
జవాబు నాకే తెలియదు.
మూడేళ్లు వంగిన మెడ
ఎటు వంగిందో స్కేలుకు తెలుస్తుంది,
ఎందుకో ఏ యంత్రం తీస్తుంది?

మొన్న సాయంత్రం ఆఖరి కవరు ఇచ్చేసి
కొండమీది నుంచి కిందికి చూశాను.
టికెట్ కిటికీ దగ్గర అతను, చేతుల నిండా గ్రీజు.
ఊరికే, కళ్లజోడు తీశాను.
ఇద్దరయ్యాడు. ఒకడు కాస్త కిందుగా, ఏటవాలుగా.
ఇద్దరికీ వినబడేలా కేకేశాను:
ఆదివారం నాకు సెలవని.